డుమస్ తీరం చెప్పే ఆఫ్రికా చరిత్ర: వలస పాలన ఏం మిగిల్చింది, స్వాతంత్య్రం ఏం మార్చింది?

సూరత్ నగరానికి నైరుతిగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రపు ఒడ్డున డుమస్ ఉంది. నల్లని ఇసుకకూ, టమాటా భజియాలకూ ఈ ఊరు ప్రసిద్ధి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి తరలివెళ్లి సూరత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు కూడా సెలవురోజున దగ్గరలో ఉన్న సముద్రతీరం ఇదే.

ఈ చిన్న ఊరికి ఆఫ్రికాతో రెండు సంబంధాలున్నాయి. ఒకటి పాతది. బ్రిటిష్ కాలంలో డుమస్ సచిన్ సంస్థానంలో ఉండేది. దానిని పాలించిన నవాబుల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు.

రెండోది కొత్తది. సూరత్ నుంచి డుమస్ వైపు వచ్చే దారికి సమీపాన ఖజోద్ వద్ద సూరత్ డైమండ్ బోర్స్ ఉంది. సుమారు 67 లక్షల చదరపు అడుగుల ఈ వజ్రాల వ్యాపార భవనాన్ని 2023 డిసెంబర్ 17న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. సూరత్‌లో సానపట్టే గని వజ్రాలలో పెద్ద భాగం బోట్స్వానా, అంగోలా, దక్షిణాఫ్రికా వంటి ఆఫ్రికా దేశాల గనులలో పుట్టినదే.

ఒకప్పుడు ఆఫ్రికా మనుషులు ఈ తీరానికి వచ్చి పాలకులయ్యారు. నేడు ఆఫ్రికా రాళ్లు వచ్చి ఇక్కడి కార్మికులకు కూలీగా మారుతున్నాయి. ఈ రెండింటి నడుమ ఆఫ్రికా ఖండం యూరోపు దేశాల ఏలుబడిలోకి వెళ్లింది, మళ్లీ విముక్తి పొందింది. నేటి ఆఫ్రికా సమాజాల రూపురేఖలు చాలావరకు ఆ మధ్యకాలంలో ఏర్పడినవే.

నవాబులైన హబ్షీలు

అబిసీనియాకు, అంటే నేటి ఇథియోపియా ప్రాంతానికి, అరబ్బీలో ఉన్న పేరు నుంచి ‘హబ్షీ’ అనే మాట వచ్చింది. పశ్చిమ తీరంలో వీరిని సిద్దీలు అని కూడా అంటారు. హిందూ మహాసముద్రంలో జరిగిన బానిస వ్యాపారం వల్ల కొందరు, సైనికులుగా, నావికులుగా, వర్తకులుగా మరికొందరు భారత్ చేరారు.

బానిసగా వచ్చినవాడు జీవితాంతం బానిసగానే ఉండిపోవాలన్న కట్టడి ఇక్కడి రాజ్యాలలో ఉండేది కాదు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయిన మలిక్ అంబర్, 17వ శతాబ్ది తొలినాళ్లలో అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి మొఘలులను ఎదిరించాడు. కొంకణ తీరాన జంజీరా జలదుర్గాన్ని సిద్దీ పాలకులు తరతరాలు నిలుపుకున్నారు.

ఆ జంజీరా వంశంలోని వారసత్వ తగాదా సచిన్ సంస్థానానికి మూలం. జంజీరాపై తన హక్కును వదులుకున్న అబ్దుల్ కరీం ఖాన్‌కు పీష్వాతో కుదిరిన ఒప్పందం ప్రకారం 1791లో సూరత్ పరిసర గ్రామాలు దక్కాయి. తర్వాత సచిన్ బ్రిటిష్ రక్షణ కిందికి వచ్చి, 9 తుపాకుల వందనం అందుకునే సంస్థానమైంది. ప్రజలలో అత్యధికులు హిందువులు, పాలకులు ఆఫ్రికా మూలాలున్న ముస్లింలు. స్థానికులు నవాబీ హవేలీ అని పిలిచే డుమస్‌లోని పాత భవనం ఆ కాలపు గుర్తు.

తెలుగు పాఠకులకు ఇది మరీ కొత్త సంగతి కాదు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు వచ్చింది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్విక దళం వల్లనే. హబ్సిగూడ పేరులోనూ హబ్షీల జ్ఞాపకం ఉందంటారు.

సచిన్ నవాబు చరిత్రలో ఒక వైచిత్రి కనిపిస్తుంది. 1914 సెప్టెంబర్‌లో, మొదటి ప్రపంచ యుద్ధానికి భారత సేనలతో పాటు వెళ్లేందుకు వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ ఎంపిక చేసిన సంస్థానాధీశులలో సచిన్ నవాబు కూడా ఉన్నారు. ఆఫ్రికా సంతతికి చెందిన ఒక రాజు, ఆఫ్రికాను పంచుకున్న సామ్రాజ్యాలలో ఒకదాని పక్షాన యుద్ధానికి పిలుపు అందుకున్నాడు. ఆనాటికి ఆయన పూర్వీకుల ఇథియోపియా, పశ్చిమాన లైబీరియా తప్ప ఆఫ్రికాలో స్వతంత్ర దేశమే దాదాపు మిగలలేదు.

బెర్లిన్‌లో పంపకం

1870 నాటికి ఆఫ్రికా భూభాగంలో సుమారు పదోవంతు మాత్రమే యూరోపు దేశాల చేతిలో ఉండేది. 1914 నాటికి అది పదింట తొమ్మిది వంతులైంది. నాలుగు దశాబ్దాలలో ఇంత పెద్ద ఖండం చేతులు మారడం చరిత్రలో అరుదు.

ఈ పంపకానికి నియమాలు రాసింది బెర్లిన్ సమావేశం. 1884 నవంబర్ నుంచి 1885 ఫిబ్రవరి వరకు జరిగిన ఆ సమావేశంలో 14 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. వారిలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరు. సరిహద్దులన్నీ అక్కడే గీయలేదు. తీరంలో ఎవరు ఎలా హక్కు చాటుకోవాలో, కాంగో, నైజర్ నదులపై ఓడల రాకపోకలు ఎలా సాగాలో అక్కడ నిర్ణయించారు. మిగతా గీతలు తర్వాతి ఏళ్లలో యూరోపు దేశాల మధ్య జరిగిన ఒప్పందాలలో పడ్డాయి.

ప్రతిఘటన లేకుండా ఇది జరగలేదు. 1896 మార్చి 1న అడ్వా వద్ద ఇథియోపియా చక్రవర్తి రెండవ మెనెలిక్ సేనలు ఇటలీ సైన్యాన్ని ఓడించాయి. 1898లో సియెర్రా లియోన్‌లో గుడిసె పన్నుకు వ్యతిరేకంగా బై బురే నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. 1905లో జర్మన్ తూర్పు ఆఫ్రికాలో, బలవంతపు పత్తి సాగుపై, మాజీ మాజీ తిరుగుబాటు చెలరేగింది. అడ్వా వంటి విజయాలు అరుదు. తక్కిన చోట్ల మర తుపాకులదే పైచేయి అయింది.

గుడిసెకు పన్ను, మనిషికి చీటీ

వలస ప్రభుత్వాలకు ఒక చిక్కు ఉండేది. విశాలమైన భూభాగం, గుప్పెడు మంది అధికారులు. ఖర్చు తక్కువగా ఉండాలి, ఆదాయం రావాలి. ఆ చిక్కు నుంచి పుట్టిన ఏర్పాట్లే తర్వాతి సమాజాలపై లోతైన ముద్ర వేశాయి.

మొదటిది పన్ను. గుడిసెకు ఇంతని నగదు పన్ను వేస్తే, పంట పండించుకుని తినే రైతు డబ్బు కోసం తోటలకో గనులకో కూలికి వెళ్లక తప్పదు. కెన్యాలో సారవంతమైన ఎత్తు ప్రాంతాలను తెల్లవారికి కేటాయించి, ఆఫ్రికన్లను రిజర్వులకు పరిమితం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆఫ్రికన్ పురుషులు వేలిముద్రలున్న ‘కిపాండె’ అనే గుర్తింపు చీటీని వెంట ఉంచుకోవడం తప్పనిసరైంది.

రెండోది పరోక్ష పాలన. నైజీరియాలో ఫ్రెడరిక్ లుగార్డ్ పేరుతో ముడిపడిన ఈ పద్ధతిలో స్థానిక పెద్దల ద్వారానే పన్నులు వసూలు చేయించి, తీర్పులు చెప్పించేవారు. రాజులు లేని చోట కొత్తగా పెద్దలను సృష్టించారు. అంతకుముందు పెద్ద తప్పు చేస్తే తమవారి ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఇప్పుడతని పదవి కలెక్టరు వంటి తెల్ల అధికారి చేతిలో ఉంది. జనానికి జవాబు చెప్పనక్కరలేని అధికారం ఊరూరా వేళ్లూనుకుంది.

మూడోది వర్గీకరణ. రువాండాలో హుటు, టుట్సీ అనే తేడాలు వలస పాలనకు ముందూ ఉన్నాయి. అయితే పశుసంపద, పెళ్లి సంబంధాలు, పదవి వంటి వాటి వల్ల కొన్నిసార్లు ఒక వర్గం నుంచి మరో వర్గానికి మారే వీలుండేది. 1930లలో బెల్జియం అధికారులు గుర్తింపు కార్డులపై జాతిని నమోదు చేయడంతో ఆ వీలు మూసుకుపోయింది. 1994లో సుమారు వంద రోజులలో 8 లక్షల మంది దాకా హతమైన నరమేధంలో, రోడ్లపై కాపుకాసిన హంతకులు చూడమన్నది ఆ కార్డులోని ఆ మాటనే. హత్యలు చేసినవారి బాధ్యతను ఇది తగ్గించదు. కానీ ఎవరిని చంపాలో చెప్పే సాధనం వలస కార్యాలయంలో తయారైంది.

మధ్య మెట్టుపై భారతీయులు

వలస ఆఫ్రికా సమాజం మూడు మెట్లుగా ఉండేది. పైన తెల్లవారు, అడుగున ఆఫ్రికన్లు, నడుమ భారతీయులు. ఆ మధ్య మెట్టుకు మనుషులను పంపిన ప్రాంతాలలో సూరత్ ఒకటి.

గుజరాత్ తీరానికి ఆఫ్రికాతో వర్తకం యూరోపియన్ల రాకకు ముందే ఉంది. ఇక్కడి నూలు బట్టలు తూర్పు ఆఫ్రికాకు వెళ్లేవి, అక్కడి ఏనుగు దంతాలు ఇక్కడికి వచ్చేవి. బ్రిటిష్ పాలనలో ఆ సంబంధం రూపం మార్చుకుంది. సూరత్ పరిసరాల నుంచి, కాఠియావాడ్ నుంచి వర్తకులు సొంత ఖర్చులతో నాటాల్‌కూ, మొంబాసాకూ, జాంజిబార్‌కూ వెళ్లి దుకాణాలు తెరిచారు. నాటాల్‌లో వారిని ‘పాసింజర్ ఇండియన్లు’ అనేవారు.

తెలుగువారు వెళ్లిన తీరు వేరు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలను నాటాల్‌కు తెచ్చిన తొలి ఓడ అది. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు అలా వెళ్లారు. మద్రాసు మీదుగా వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగు జిల్లాలవారు గణనీయంగా ఉన్నారు. ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలన్న నిబంధన వారి బతుకులను చిదిమింది. 1913 నాటి సమ్మెకు ఆ పన్ను ఒక ప్రధాన కారణం. వారి వారసులు 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. మారిషస్‌లో తెలుగు కూలీల సంతతి నేటికీ ఉగాది జరుపుకుంటోంది. అక్కడ ఆ రోజు ప్రభుత్వ సెలవు.

తూర్పు ఆఫ్రికాలో భారతీయుల సంఖ్యను పెంచినది ఉగాండా రైల్వే. 1896లో మొంబాసా వద్ద మొదలై 1901లో విక్టోరియా సరస్సు చేరిన ఆ మార్గం కోసం సుమారు 32 వేల మంది కార్మికులను, ఎక్కువగా పంజాబ్ ప్రాంతం నుంచి, తెచ్చారు. దాదాపు 2,500 మంది పనిలోనే మరణించారు. చాలామంది తిరిగి వచ్చేశారు. రైలు దారి వెంట దుకాణాలు తెరిచినవారిలో గుజరాతీలు ముందున్నారు.

ఆఫ్రికన్ రైతు నిత్యం చూసేది లండన్ కంపెనీని కాదు. తన పత్తిని కొనే, తనకు ఉప్పూ బట్టా అమ్మే భారతీయ దుకాణదారును. ఉగాండాలో పత్తి గిన్నింగ్ మిల్లులు చాలావరకు భారతీయుల చేతిలో ఉండేవి. ఆఫ్రికన్లు ఆ వ్యాపారాల్లోకి రాకుండా వలస నిబంధనలే అడ్డుకున్నాయి. అయినా కోపం కంటికి కనిపించే మధ్య మెట్టు మీదికే మళ్లింది.

1972 ఆగస్టులో ఉగాండా అధ్యక్షుడు ఇదీ అమీన్, ఆసియన్లు 90 రోజులలో దేశం వదిలి వెళ్లాలని ఆదేశించారు. 50 వేలకు పైగా ప్రజలు ఇళ్లూ దుకాణాలూ వదిలేసి కదిలారు. సుమారు 28 వేల మంది బ్రిటన్ చేరారు. కొందరు గుజరాత్‌కు తిరిగి వచ్చారు. సైన్యానికీ అనుయాయులకూ పంచిపెట్టిన వ్యాపారాలు కుప్పకూలాయి. మూడు మెట్ల వ్యవస్థను కట్టినవారు అప్పటికే వెళ్లిపోయారు. దాని మూల్యం నడుమ ఉన్నవారూ అడుగున ఉన్నవారూ చెల్లించారు.

జెండా మారింది, పట్టాలు మారలేదు

1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస, ఘనా పేరుతో స్వతంత్ర దేశమైంది. 1960లో ఒక్క ఏడాదిలోనే 17 ఆఫ్రికా దేశాలు స్వాతంత్య్రం పొందాయి. పోర్చుగల్ మాత్రం పట్టు వదలలేదు. సూరత్‌కు దక్షిణాన ఉన్న దమన్‌ను భారత్ 1961లో విముక్తం చేసింది. అదే పోర్చుగల్ ఏలుబడిలోని మొజాంబిక్, అంగోలా 1975 దాకా పోరాడవలసి వచ్చింది. దక్షిణాఫ్రికాలో జాత్యహంకార పాలన 1994 ఏప్రిల్ ఎన్నికలతో ముగిసింది.

కొత్త ప్రభుత్వాలకు దక్కిన వారసత్వం చిత్రమైనది. రైలు మార్గాలు గని నుంచో తోట నుంచో ఓడరేవుకు పోతాయి. పొరుగు దేశానికి పోవు. ఘనాకు కోకో, జాంబియాకు రాగి, సెనెగల్‌కు వేరుశనగ. ఒక్క సరకు ధర పడిపోతే బడ్జెట్ మొత్తం తలకిందులవుతుంది. రైతు పంటను ఒకే ప్రభుత్వ సంస్థ కొనే మార్కెటింగ్ బోర్డులను బ్రిటిష్ పాలకులు పెట్టారు. ఘనాలో క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం వాటిని రద్దు చేయలేదు. రైతుకు తక్కువ ధర ఇచ్చి, మిగిలిన సొమ్ముతో పరిశ్రమలు కట్టాలనుకుంది. 1960లలో కోకో ధర కూలడంతో ఆ లెక్క తప్పింది. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆయనను గద్దె దించింది.

కాంగో పరిస్థితి మరింత దారుణం. 1885 నుంచి 1908 దాకా అది బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ సొంత ఆస్తి. రబ్బరు కోసం అక్కడ సాగిన హింస ఆనాడే ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. 1960 జూన్ 30న స్వాతంత్య్రం వచ్చేనాటికి అంత పెద్ద దేశంలో విశ్వవిద్యాలయ పట్టభద్రులు వేళ్లపై లెక్కించదగినంత మందే. వారాల వ్యవధిలోనే ఖనిజ సంపన్నమైన కటాంగా విడిపోతున్నట్టు ప్రకటించింది. తొలి ప్రధాని పాట్రిస్ లుముంబా 1961 జనవరి 17న హత్యకు గురయ్యారు. అందులో బెల్జియం అధికారుల పాత్రకు నైతిక బాధ్యతను ఆ దేశమే తర్వాత అంగీకరించింది.

సరిహద్దుల విషయంలో ఆఫ్రికా నాయకులు ఆలోచించే ఒక నిర్ణయం తీసుకున్నారు. 1963 మేలో అడిస్ అబాబాలో ఏర్పడిన ఆఫ్రికా ఐక్యతా సంస్థ, మరుసటి ఏడాది కైరోలో, స్వాతంత్య్రం నాటి సరిహద్దులనే గౌరవించాలని తీర్మానించింది. అవి అన్యాయపు గీతలని వారికి తెలియక కాదు. చెరిపి మళ్లీ గీయబోతే యుద్ధాలకు అంతుండదని భావించారు. ఈ నిర్ణయం వల్ల దేశాల మధ్య యుద్ధాలు తగ్గాయి. దేశాల లోపలి ఘర్షణలు తగ్గలేదు. 1967 నుంచి 1970 వరకు నైజీరియాను దహించిన బయాఫ్రా యుద్ధం అందుకు నిదర్శనం.

ఒకే రాయి, రెండు దేశాలు

అన్నిటికీ వలస పాలనే కారణమా? ఈ ప్రశ్నకు సూరత్ కార్ఖానాలకు వచ్చే వజ్రమే ఒక జవాబు చెబుతుంది. సియెర్రా లియోన్, బోట్స్వానా రెండూ బ్రిటిష్ పాలన నుంచి వచ్చినవే. రెండింటా వజ్రాలున్నాయి. రెండింటి దారులు వేరయ్యాయి.

సియెర్రా లియోన్‌లో 1930లో వజ్రాలు బయటపడ్డాయి. 1935లో వలస ప్రభుత్వం ఒకే కంపెనీకి దేశమంతటా తవ్వే గుత్తహక్కు ఇచ్చింది. అక్కడి వజ్రాలు నదుల ఇసుకలో దొరుకుతాయి, పారా జల్లెడ ఉంటే చాలు. తమ ఊరి మట్టిలోని రాయిని తీయడం నేరమైన చోట దొంగ తవ్వకాలు పెరిగాయి. 1961లో స్వాతంత్య్రం వచ్చింది. 1968లో అధికారం చేపట్టిన సియాకా స్టీవెన్స్ వజ్రాలపై ప్రభుత్వ నియంత్రణ పెంచారు. కానీ ఆదాయం ఖజానాకు కాక తన అనుయాయులకు చేరేలా చేశారు. 1970లలో దేశపు రైలు మార్గం కూడా మూతపడింది. ప్రభుత్వం పేరుకే మిగిలిన ఆ దేశంలో 1991లో అంతర్యుద్ధం మొదలైంది. తిరుగుబాటుదారులు వజ్రాలు అమ్మి ఆయుధాలు కొన్నారు. 2002లో ముగిసేనాటికి సుమారు 50 వేల మంది మరణించారు. యుద్ధాలకు సొమ్ము సమకూర్చే వజ్రాలను అడ్డుకునేందుకు 2003లో కింబర్లీ ప్రాసెస్ అనే ధ్రువీకరణ విధానం అమలులోకి వచ్చింది. సూరత్‌కు వచ్చే ముడి వజ్రాల పొట్లాలకు నేడు ఆ పత్రం ఉండితీరాలి.

బోట్స్వానా పూర్వనామం బెచువానాలాండ్. అక్కడ విలువైనదేదీ లేదనుకున్న బ్రిటిష్ ప్రభుత్వం దాని పాలనా కేంద్రాన్ని కూడా ఆ దేశంలో కాక, దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్‌లో ఉంచింది. 1895లో సెసిల్ రోడ్స్ కంపెనీ ఆ ప్రాంతాన్ని మింగబోతే ముగ్గురు స్థానిక రాజులు లండన్ వెళ్లి వాదించి ఆపగలిగారు. ఈ నిర్లక్ష్యమే ఒక విధంగా మేలైంది. రాజు ప్రజల ముందు కూర్చుని వారి మాట వినే ‘గొట్లా’ అనే సభ అక్కడ బతికి ఉంది.

1966 సెప్టెంబర్ 30న స్వాతంత్య్రం వచ్చేనాటికి బోట్స్వానా నిరుపేద దేశం. దేశం మొత్తం మీద తారురోడ్డు 12 కిలోమీటర్లేనని చెబుతారు. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా బంగ్వాటో రాజవంశీకుడు. 1967లో ఆయన ప్రభుత్వం భూగర్భ ఖనిజాల హక్కును తెగల నుంచి దేశానికి బదలాయించే చట్టం చేసింది. అదే ఏడాది ఒరాపా వద్ద వజ్రాలు బయటపడ్డాయి. ఒరాపా ఉన్నది ఖామా సొంత తెగ భూభాగంలోనే. ఆ చట్టం లేకుంటే ఆ సంపద ఒక్క తెగదై, తక్కిన తెగలతో వైరానికి దారితీసి ఉండేది.

1975 నాటికి ప్రభుత్వం డి బీర్స్ కంపెనీతో మళ్లీ బేరమాడి, గని సంస్థలో సగం వాటా సాధించింది. ఆ సొమ్ము బడులకూ, రోడ్లకూ, ఆస్పత్రులకూ వెళ్లింది. 2013లో డి బీర్స్ తన ముడి వజ్రాల అమ్మకాల కేంద్రాన్ని లండన్ నుంచి గాబొరోన్‌కు తరలించింది. అప్పటి నుంచి సూరత్ కొనుగోలుదారులు లండన్‌కు బదులు బోట్స్వానా రాజధానికి వెళుతున్నారు.

బోట్స్వానా కథలో మచ్చలు లేకపోలేదు. ఆదాయ అసమానతలు తీవ్రంగా ఉన్నాయి. ఆ నేలపై అందరికన్నా ముందున్న సాన్ ప్రజలను మధ్య కలహారి అభయారణ్యం నుంచి ప్రభుత్వం ఖాళీ చేయించింది. అది చట్టవిరుద్ధమని 2006లో ఆ దేశ హైకోర్టు తీర్పు ఇచ్చింది. వలస పాలకులు చేసిన పనిని స్వదేశీ ప్రభుత్వాలూ చేయగలవని దీనివల్ల తెలుస్తుంది.

భాష, బడి, మాట

పాలనా భాష విషయంలోనూ దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. చాలా దేశాలలో ఇంగ్లిష్, ఫ్రెంచ్, పోర్చుగీసు భాషలే అధికార భాషలుగా కొనసాగాయి. ఏ ఒక్క స్థానిక భాషను ఎంచుకున్నా మిగతావారికి అసంతృప్తి కలుగుతుందనే వాదన ఒక కారణం. ఆ భాష వచ్చిన కొద్దిమంది చేతిలోనే కార్యాలయాలూ న్యాయస్థానాలూ ఉండిపోవడం దాని ఫలితం.

టాంజానియా భిన్నంగా నడిచింది. తొలి నాయకుడు జూలియస్ నైరేరే ప్రాథమిక విద్యకూ పాలనకూ స్వాహిలీని ఎంచుకున్నారు. తీరప్రాంత వర్తకంలో అరబ్బీ మాటలు కలుపుకుని ఎదిగిన ఆ ఆఫ్రికా భాష ఏ ఒక్క పెద్ద తెగకూ చెందినది కాదు. ‘గాడి’, ‘దుకా’ వంటి మాటలు విన్న భారతీయులకు అది పూర్తిగా పరాయిదనిపించదు. నైరేరే ఆర్థిక విధానాలు, ముఖ్యంగా రైతులను బలవంతంగా ఉజమా గ్రామాలకు తరలించడం, దెబ్బతిన్నాయి. కానీ వందకు పైగా తెగలున్న దేశంలో తెగల యుద్ధం రాకపోవడానికి భాషా విధానం తోడ్పడిందని చాలామంది పరిశీలకుల అభిప్రాయం.

కెన్యా రచయిత ఎన్‌గుగి వా థియాంగో ఇంగ్లిష్‌లో పేరు తెచ్చుకున్నాక, 1970ల చివరలో తన మాతృభాష గికుయులో నవలలు రాయడానికి పూనుకున్నారు. గికుయు నాటకం ఒకటి ఆడించినందుకు ఆయనను 1977 చివర విచారణ లేకుండా జైలులో పెట్టింది స్వతంత్ర కెన్యా ప్రభుత్వమే. అలా నిర్బంధించే చట్టాలు బ్రిటిష్ వారి నుంచి సంక్రమించినవి.

ఇక్కడే ఈ చరిత్ర సారాంశం కనిపిస్తుంది. వలస పాలకులు వదిలివెళ్లిన పనిముట్లు, అంటే నిర్బంధ చట్టం, గుత్తహక్కు, పన్ను బోర్డు, జాతి పేరున్న కార్డు, అధికారంలోకి వచ్చినవారికి అక్కరకు వచ్చేవే. వాటిని పక్కన పెట్టినచోట, లేదా కొత్త పనికి మలచుకున్నచోట, స్వాతంత్య్రం సామాన్యుడి ఇంటి దాకా చేరింది. తీసుకుని యథాతథంగా వాడినచోట పాలకుడి రంగు మాత్రమే మారింది.

మళ్లీ డుమస్‌కు

సచిన్ సంస్థానం 1948లో బొంబాయి రాష్ట్రంలో విలీనమైంది. నవాబుల పాలన ముగిసింది. గుజరాత్‌లో సిద్దీలు నేటికీ ఉన్నారు. వారిలో అత్యధికులు నవాబుల వారసులు కారు. గిర్ అడవుల అంచున జంబూర్ వంటి గ్రామాలలో, భరూచ్ జిల్లాలోని బావా గోర్ దర్గా పరిసరాలలో బతికే సామాన్యులు.

ఆఫ్రికాతో సూరత్ సంబంధం ఇప్పుడు మరో మలుపు వద్ద ఉంది. ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాలకు సూరత్ ప్రధాన కేంద్రంగా ఎదిగింది. వాటి ధర గని వజ్రాల ధరలో చిన్న భాగమే. గని వజ్రాలకు గిరాకీ తగ్గడంతో సూరత్‌లో రత్నకళాకారులు అనే సానపట్టే కార్మికులలో అనేకులు పని కోల్పోయారు. బోట్స్వానా గనులలో ఉత్పత్తి తగ్గింది, ప్రభుత్వ ఆదాయమూ పడిపోయింది.

2024 అక్టోబర్ చివరన జరిగిన ఎన్నికలలో, స్వాతంత్య్రం నాటి నుంచి 58 ఏళ్లపాటు పాలించిన పార్టీని బోట్స్వానా ప్రజలు ఓడించారు. అధికారం ప్రశాంతంగా చేతులు మారింది. కొత్త ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో డి బీర్స్‌తో తాజా ఒప్పందంపై సంతకం చేసింది. దాని ప్రకారం ముడి వజ్రాలలో ప్రభుత్వ సంస్థ అమ్ముకునే వాటా 30 శాతంతో మొదలై, క్రమంగా 50 శాతానికి పెరగాలి.

వాటా పెరుగుతున్న వేళలోనే సరకు విలువ తగ్గుతోంది. ఒక్క సరకుపై నిలిచిన ఆర్థిక వ్యవస్థ అనే వలసకాలపు ఇరుకు నుంచి, అందరికన్నా మెరుగ్గా నడిచిందని పేరున్న దేశం కూడా ఇంకా పూర్తిగా బయటపడలేదు. ఆ ఇరుకు నుంచి అది ఎలా బయటపడుతుందన్నది గాబొరోన్‌కు ఎంత ముఖ్యమో, ఖజోద్ దారిలో రోజూ పనికి వెళ్లే కార్మికులకూ అంతే ముఖ్యం.